ఇంటి కష్టము, లోకపు కష్టము

కష్టము వచ్చిన యింట మనము మొదట వెదకునది కారణమును గాదు, కారకుని. పత్తిచేను పోయి, అప్పులపాలై, రైతు ప్రాణము తీసికొన్నచో "వానికి దురాశ యెక్కువ" అందుము. లేదా "ఆ కోడలు కాలుపెట్టిన వేళ మంచిది కాదు" అందుము. కట్నము చాలక పిల్ల పెండ్లి నిలిచిపోయినచో తండ్రి చేతకానివాడందుము. మిరపకోతల దినములలో బడి మానిన పిల్లకు చదువుమీద శ్రద్ధ లేదందుము. ఈ మాటలను ఆడువారము మనమే యెక్కువగా అనుచున్నాము. పరామర్శకు పోయిన చోటనే యనుచున్నాము. వీనిలో కొంత నిజ ముండిన నుండవచ్చును. కాని ఒకే యేట, ఒకే పంట వేసిన పల్లెలలో, ఒకరి నొకరు ఎఱుగని పదుగురు రైతులు ఒకే తీరున చనిపోయినపుడు, పదుగురి యిండ్లలోను వేళకాని వేళ కోడండ్రు కాలుపెట్టిరని చెప్పగలమా?

ఈ ప్రశ్ననుండియే సమాజశాస్త్రము పుట్టినదనిన తప్పులేదు. ఆ శాస్త్రము పోటీపరీక్షలకు చదువు పిల్లలు పేర్లు వల్లెవేయుటకు మాత్రమే యేర్పడినదని పలువుర తలంపు. నిజమునకు అది వంటయింటిని, పెండ్లిపందిరిని, పొలముగట్టును, నీళ్ళరేవును గుఱించియే మాటలాడు శాస్త్రము. అందలి సిద్ధాంతములలో కొన్నింటిని గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి నేలమీద నిలిపి, అవి మనకేమి చూపునో, ఎక్కడ చూపలేవో పరిశీలింతము.

ఒకని దోషమా, లోకపు నడకా

అమెరికా దేశపు సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959 లో ప్రకటించిన గ్రంథమున నొక సులువైన భేదమును చూపెను. లక్షమంది యున్న పట్టణములో ఒక్కనికే పని లేకున్నచో, ఆతని నడవడి యెట్టిది, నేర్పు ఎట్టిది యని విచారింపవచ్చును. అది ఆతని సొంత చిక్కు. కాని యైదుకోట్లమంది పనివారున్న దేశమున కోటి యేబదిలక్షలమందికి పని దొరకకున్నచో, ఒక్కొక్కని గుణదోషముల నెంచుచు కూర్చుండుట వృథా. అచట పని కల్పించు ఏర్పాటే చెడినది. మన జీవితకథను, మన కాలపు చరిత్రను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెననియు, అప్పుడే యేది సొంత చిక్కో, యేది సంఘపు సమస్యయో తేలుననియు ఆయన మతము.

భారతము చదివిన వారికి ఈ భేదము బొత్తిగా క్రొత్తది గాదు. కురుసభలో ద్రౌపది తన భర్త జూదరియని యేడ్చి యూరకుండలేదు. తన్ను తాను ముందుగా ఓడినవానికి భార్యను పణముగా నొడ్డు హక్కు ఉన్నదా యని సభ నడిగెను. భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తడబడెను. ఒక యింటి యవమానము ఆ ప్రశ్నతో సభయంతటి ధర్మసంకటమైనది. నేడు భర్త చేసిన అప్పునకు భార్య నగలు తాకట్టునకు పోవుచున్న ఇండ్లలో ఆ ప్రశ్న పాతబడినదని యెవరనగలరు? సమాజశాస్త్రము నేర్పునది ప్రధానముగా ఇదియే: దుఃఖమును ప్రశ్నగా మార్చి, దానిని అడుగవలసిన చోట అడుగుట.

పత్తిచేనిలో మేర తప్పుట

1955 లో పునాది పడి, 1967 లో కాలువలకు నీరు వదలబడిన నాగార్జునసాగరము ఈ సీమ రూపును మార్చెను. జొన్న, వరిగ, కంది పండిన నేలలలో సంకరజాతి పత్తియు, మిరపయు విస్తరించినవి. కొన్నాళ్ళు పత్తి కనకము పండించెను. పిమ్మట తెల్లదోమ, శనగపచ్చపురుగు విజృంభించి, కొట్టిన మందులకు లొంగక పోయినవి. 1987–88 ప్రాంతమున గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిరైతుల యాత్మహత్యలు రాష్ట్రమును కలచివేసినవి. పదేండ్లకు, 1997–98 లో, ఓరుగల్లు సీమలో అదే విషాదము మఱింత విరివిగా జరిగెను.

ఆత్మహత్యను గుఱించి సమాజశాస్త్రమున మొదటి గొప్ప గ్రంథము వ్రాసినవాడు ఫ్రాన్సు దేశపు ఎమీల్ డర్క్‌హైమ్. అది 1897 లో వెలువడినది. ఎవరి మరణము వారి మనసులోని రహస్యమే యైనను, దేశదేశముల లెక్కలు చూడగా ఆ మరణముల సంఖ్య యేటేట ఇంచుమించు ఒకే తీరున నుండుట ఆయన గమనించెను. పెండ్లియైనవారిలో తక్కువ, ఒంటరులలో ఎక్కువ. కట్టుబాటు గట్టిగానున్న మతసంఘములలో తక్కువ, సడలినవానిలో ఎక్కువ. ఆశ్చర్యమేమనగా, దేశము ధనహీనమైనపుడే కాక, ఉన్నట్టుండి ధనము పొంగినపుడుగూడ ఆ మరణములు పెరిగినవి. మనిషి కోరికలకు "ఇంత చాలును" అను గీతను సంఘము గీయుచున్నది. నష్టముచేతనైనను, లాభముచేతనైనను, ఆ గీత చెరిగినపుడు మనిషికి తన కాలిక్రింది నేల తెలియదు. ఈ స్థితికి ఆయన పెట్టిన పేరు "అనోమీ". తెలుగున దీనిని మేర తప్పుట యనవచ్చును.

పత్తిసీమకు ఈ మాట యెంతగా సరిపోవునో చూడుడు. కలిగినంతలో తిని, మిగిలినది గాదెలో పోసికొన్న తాతకు చాలినదేమో తెలియును. పొరుగువాడు రెండు పంటలలో డాబా కట్టి, కుమారుని ఇంజనీరింగునకు పంపగా చూచిన మనుమనికి చాలినదేమో తెలియదు. ఆతడు తన రెండెకరములకు తోడు నాలుగెకరములు కౌలునకు పట్టును. విత్తనము, మందు అప్పిచ్చు దుకాణదారుడే పంటను కొనువాడును అగును. దీనిని దురాశ యని తేలికగా కొట్టివేయరాదు. బ్రతుకునకు కొలబద్దయే మారినపుడు, ఆ కొలతకు అందుకొనజూచుట మానవస్వభావము.

డర్క్‌హైమ్ చూపు చాలని చోటును కలదు. అప్పు పత్రము ఎవరి చేతిలో నున్నది, ధర నిర్ణయించువాడెవడు అను ప్రశ్నలను ఆయన గట్టిగా అడుగలేదు. మన దేశపు పరిశోధకురాలు ఎ. ఆర్. వాసవిగారు రైతుల యాత్మహత్యలపై 2012 లో వెలువరించిన గ్రంథమున ఈ లోటును పూరించిరి. పూర్వము సేద్యము ఊరుమ్మడి వ్యవహారము. విత్తనము ఇంటి గాదెలోనిదో, పొరుగింటిదో. పనికి పని బదులు. తెగులు వచ్చినచో నలుగురు కూడి యాలోచన. నేడు నష్టభయమంతయు ఒక్క రైతు తలపైననే పడినది. చేను ఆతనిదే, అప్పు ఆతనిదే, ఓటమియు ఆతనిదే. గెలిచినవాని నెల్లరు చూతురు. ఓడినవాడు మొగము చాటుచేసికొనును.

ఓరుగల్లు సీమలో పత్తి వ్యాపించుటలో గుంటూరునుండి వలసపోయిన రైతులకును పాలు కలదు గనుక, అచటి యొక పరిశోధన మనకును వర్తించును. అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ స్టోన్ ఆ పల్లెలను ఏండ్ల తరబడి పరిశీలించి, 2007 లో ఒక వ్యాసము ప్రకటించెను. ఒక యేడు ఊరిలో ఎక్కువమంది ఒక విత్తనమును కొందురు. మఱునాటి యేడు దానిని విడిచి వేఱొకదానికై యెగబడుదురు. ఎందుకని యడిగిన, తమ చేలో పరీక్షించి చూచి యెంచుకొన్నవారు అరుదు. పొరుగువాడు కొనెను గనుక కొన్నవారే మెండు. రైతుకు తెలివి తక్కువై కాదు. అంగడిలోని పేర్లు అంత వేగముగా మారుచుండగా, అనుభవము విద్యగా గట్టిపడుటకు వ్యవధి చాలదు. తరతరముల సేద్యపు విద్య ఇట్లు చేజారుటను స్టోన్ నైపుణ్యనాశనమనెను.

జర్మను దేశపు ఉల్రిచ్ బెక్ 1986 లో, చెర్నోబిల్ అణుకేంద్రము ప్రేలిన యేటనే, మన కాలమును "ప్రమాదసమాజ"మని పిలిచెను. మన అమ్మమ్మల కాలపు భయములు కఱవు, తుపాను, మశూచి. నేటి భయములు మానవుడు తాను చేసికొన్న వస్తువులనుండి పుట్టినవి. పురుగును చంపుటకు కొట్టిన మందే మందునకు చావని పురుగును తయారుచేయును. ఆ మందు కాయలో ఎంత మిగిలినదో కంటికి కనబడదు, నాలుకకు తెలియదు; ప్రయోగశాల చెప్పవలసినదే. 2021–22 లో నల్ల తామరపురుగు మిరపతోటలపై పడినపుడు, ఒక మందు తరువాత నొక మందు కొట్టి, కాయ కోయకుండగనే తోటలు దున్నివేసినవారు కలరు. కూరలో కారము వేయు ఇల్లాలికి, ఆ తోటలో కోతకు పోవు కూలిస్త్రీకి ఈ ప్రమాదము సమానముగా కనబడవచ్చును. కాని మందు కొట్టిన తోటలో దినమంతయు నిలిచిన దేహమునకు తగులు పాలు వేఱు.

ఇక రైతు పోయిన పిమ్మటి మాట. 2004 లో రాష్ట్రప్రభుత్వము అట్టి కుటుంబములకు 1,50,000 రూపాయల సాయము ప్రకటించెను. తరువాత ఆ మొత్తము పెరిగినది. కాని ఆతడు రైతని ఋజువు కావలెను. కౌలు నోటిమాట, అప్పులో ఎక్కువభాగము వడ్డీవ్యాపారి చిన్నపుస్తకములోనిది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు పత్రము నిచ్చునదే యైనను, దానికి భూమి సొంతదారుని సమ్మతి వలయునని నియమము పెట్టినది. ఇక చనిపోయినది స్త్రీయైనచో, పట్టా ఆమె పేర లేదు గనుక, జీవితమంతయు చేలోనే గడపినను ఆమెను రైతుగా లెక్కించుటయే కష్టము. చనిపోయినవాడు లెక్కకు రావలెనన్న, బ్రతికినది కాగితము చూపవలెను. ఇది యే కోడలు కాలుపెట్టిన వేళ వలన వచ్చినది?

గౌరవమునకు వెల

మన దేశపు సమాజశాస్త్రవేత్తలలో మిక్కిలి పేరుగన్నవారు మైసూరునకు చెందిన ఎం. ఎన్. శ్రీనివాస్. కులవ్యవస్థ ఱాతిమెట్ల వంటిదని, ఎవరి మెట్టుమీద వారు కదలక యుందురని అనుకొనుచుండగా, అది నిజము కాదని వారు చూపిరి. ధనమో, అధికారమో చేకూరిన కులము పైకులముల యాచారములను తనవిగా చేసికొని, ఒకటి రెండు తరములలో పైమెట్టునకు దావా చేయును. 1952 లో కొడగువారినిగూర్చి ప్రకటించిన గ్రంథమున దీనికి వారు సంస్కృతీకరణమని పేరు పెట్టిరి.

ఆ యాచారములలో చాలభాగము స్త్రీలకు సంబంధించినవే యగుట మనము గమనింపవలసిన విషయము. కలిమి వచ్చిన యిల్లు చేయు మొదటిపని ఆడువారిని చేలోనుండి లోపలికి పిలుచుట. నిన్నటి దాక కలుపు తీసి, పత్తి తీసి, తన కూలి తన కొంగున ముడివేసికొన్న స్త్రీ, నేడు "మా యింటి యాడువారు పొలము పోరు" అను గౌరవమునకు గుఱుతుగా నిలుచును. ఎండ తప్పినది, సుఖమే. కాని కొంగుముడి విప్పబడినది. విధవావివాహము సహజమైన కులములలో అది నామోషీ యైనది. కన్యకు ఓలి యిచ్చిన కులములలో వరునికి కట్నము వచ్చినది. కులము మెట్టెక్కినపుడు వెల చెల్లించినది స్త్రీ యని చెప్పవలసియున్నది.

లోపలికి వచ్చిన స్త్రీ పని మానినదా? 1974 లో ఆన్ ఓక్లే యను ఆంగ్ల విదుషి లండనులోని 40 మంది గృహిణులను కలిసి, ఇంటిపనినిగూడ ఒక వృత్తివలెనే పరిశీలించి గ్రంథము వ్రాసెను. వారు వారమునకు సగటున 77 గంటలు పనిచేయుచున్నారని తేలినది. మన దేశమున 2019 లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయువారిలో స్త్రీ దినమునకు 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు కనబడినది. 2024 నాటి సర్వేలో ఆ లెక్క 289, 88. ఐదేండ్లలో ఇరువురికిని కొద్దిగా తగ్గినది. అంతరము మాత్రము ఉన్నచోటనే యున్నది. దీనికి జీతము లేదు గనుక దేశాదాయపు పద్దులోనికి రాదు. పద్దులోనికి రానిది క్రమముగా మన కంటికిని పనిగా కనబడదు. "మీరేమి చేయుచుందురు?" అని యెవరైన నడిగినచో "ఏమియు లేదండీ, ఇంటియొద్దనే" అని మనమే బదులు చెప్పుచున్నాము.

నీళ్ళరేవు

శ్రీనివాస్‌గారి రెండవమాట "ఆధిపత్యకులము". ఊరిలో పెత్తనము పురోహితునిది కాదు. భూమి, జనసంఖ్య, పట్టణపు పలుకుబడి యెవరివో వారిదే పెత్తనము. మైసూరు వద్ద నొక పల్లెలో నివసించి వారు పట్టుకొన్న సూత్రమిది. మన సీమలో దాని యర్థము ఒక నీళ్ళరేవున రక్తాక్షరములతో తెలిసినది. నాటి ప్రకాశము జిల్లాలోని కారంచేడులో మాదిగపల్లెవారు త్రాగు చెరువునీటిని పశువులకై పాడుచేయుటను నీటికి వచ్చిన యొక దళితస్త్రీ అడ్డుకొనెను. 1985 జూలై 17 న ఆ పల్లెపై దాడి జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. మిగిలినవారు చీరాలకు తరలిపోయి, మరల ఊరు చేరక, అచటనే స్థిరపడిరి. దళితమహాసభ పుట్టినది ఆ విషాదమునుండియే.

నీళ్ళకుండ పట్టుకొనుట ఆడువారి పని గనుక, ఆ మాట మొదట అడుగవలసివచ్చినదియు ఆడుదియే. మంచినీరు మురికి చేయవద్దనుట ఏ యింట నైనను ఇల్లాలు దినమునకు పదిమార్లు అను మాట. ఒకరి నోట అది సాధారణమై, వేఱొకరి నోట అపరాధమైనదనిన, భేదము మాటలో లేదు; పలికినవారి స్థానమున నున్నది. ఈ స్థానభేదమును పేరుపెట్టి చూపుటయే సిద్ధాంతము చేసిన మేలు.

ఆ భేదము తరతరములు ఎట్లు నిలుచుచున్నదో డాక్టరు అంబేద్కరు 1916 లోనే, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నుండి చదివిన వ్యాసమున వివరించిరి. కులమనగా తలుపులు మూసికొన్న వర్గము. ఆ తలుపు గడియ స్వకులవివాహము. ఆ గడియ ఊడకుండుటకే బాల్యవివాహము, బలవంతపు వైధవ్యము, సహగమనము ఏర్పడినవని వారి వాదము. కులము నిలుచుట పెండ్లి కట్టుబాటు మీద, ఆ కట్టుబాటు నిలుచుట స్త్రీ మీద. కనుక కులమును గుఱించి మాటలాడుట మగవారి పంచాయతీ యని మనము తప్పుకొనుటకు వీలులేదు.

కట్నపు లెక్క

తెలుగు నాటకములు రెండు ప్రక్కప్రక్కన నుంచిన, సంఘము తలక్రిందులైన తీరు తేటపడును. 1897 లో అచ్చైన గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" పిల్లల నమ్ముకొనుటను గుఱించినది. 1920 దశకమున వచ్చిన కాళ్ళకూరి నారాయణరావుగారి "వరవిక్రయము" పేరులోనే వరుడు సరకైనాడు. ఈ నడుమ మారినదేమి? ఆంగ్లవిద్య, దానివలన వచ్చు ఉద్యోగము పెండ్లికుమారుని చేతికి వచ్చినవి, పెండ్లికూతురికి రాలేదు.

ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ బూర్ద్యూ దీనికి తగిన పరిభాష నిచ్చెను. మూలధనమనగా రూకలు మాత్రమే కాదు. చదువు, మాటతీరు, అభిరుచి ఒక విధమైన ధనము. బంధువులు, పరిచయములు మఱియొకటి. ఒకదాని నొకదానిగా మార్చుకొనవచ్చును. కోస్తా రైతుకుటుంబములనుగూర్చి కారల్ ఉపాధ్యగారు 1988 లో ప్రకటించిన వ్యాసము ఈ మార్పిడికి మన యూళ్ళలోని నిదర్శనము: పొలములోని మిగులు పట్టణమునకు చేరి, వ్యాపారముగా, చదువుగా, పెద్ద సంబంధములుగా రూపము మార్చుకొన్నది. నేడు పత్తిడబ్బు కోచింగుగాను, కోచింగు సీటుగాను, సీటు అమెరికా ఉద్యోగముగాను, ఆ యుద్యోగము కట్నముగాను మారి మరల భూమిలోనికే వచ్చుచున్నది. 1961 నుండి కట్నమును నిషేధించు చట్ట మున్నను ఈ లెక్కకు అడ్డురాలేదు.

విద్య దొంగలు దోచలేని ధనమని పెద్దలందురు. బూర్ద్యూ దానికి ఒక చేదుమాట చేర్చుచున్నాడు: అది ఎవరికిని కనబడకుండ వారసత్వముగా దక్కు ధనము. పుస్తకము లున్న యింటి పిల్ల బడికి వచ్చునప్పటికే సగము పాఠము విని వచ్చును. ఆ తేడాను బడి "తెలివి" యని మార్కులు వేయును. కర్నూలు పడమటి పల్లెలనుండి కుటుంబములు కుటుంబములుగా మిరపకోతలకు గుంటూరు సీమకు వచ్చుట ఏటేట చూచుచున్నాము. తల్లి కాయ కోయుచుండగా చంటిపిల్లను ఎత్తుకొని గట్టున కూర్చుండు ఎనిమిదేండ్ల పిల్లకు చదువుమీద శ్రద్ధ లేదనుట న్యాయమా? అచటి బడిలో ఆ పిల్ల పేరు హాజరుపట్టీలో ఉండును. పిల్ల ఇచట కల్లములో ఉండును.

సిద్ధాంతముల హద్దు

ఇంత చెప్పిన పిమ్మట ఒక శంక కలుగవచ్చును. అంతయు సంఘమే చేయుచున్నచో మనిషి చేయున దేమున్నది? తాగి భార్యను కొట్టువాడు "నాది కాదు, సంఘముది దోషము" అనవచ్చునా? అనరాదు. సిద్ధాంతము తలవ్రాతకు క్రొత్తపేరు కారాదు. వర్షము పడునని తెలిసికొనుట గొడుగు తీసికొనుటకే గాని తడియుటకు గాదు. ఏ యొక్క సిద్ధాంతమును అంతయు చెప్పజాలదనియు చూచితిమి. డర్క్‌హైమ్ మేరను చూపెను, అప్పును చూపలేదు. సంస్కృతీకరణము ఎక్కువారిని చూపును, మెట్ల క్రింద నలిగినవారిని చూపుటకు అంబేద్కరు కావలెను.

మనిషి చేయగలదానికి సాక్ష్యము మన ప్రక్కజిల్లాలోనే యున్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన కూలిస్త్రీలు అక్షరములతో పాటు తమ బ్రతుకులను గుఱించియు మాటలాడుకొనసాగిరి. ఎవరి యింటి తాగుబోతును వారు తమ ఖర్మమనుకొన్నవారే. పదుగురు కూర్చుండి చెప్పుకొనగా అందఱి కథ ఒక్కటే యని తెలిసినది. సారాకొట్టు ఊరిలో నున్నంతకాలము ఏ యింటి మగవాని కూలియు ఇల్లు చేరదని తేలినది. 1992 లో వారు కొట్టు మూయించిరి. ఆ కదలిక రాష్ట్రమంతటికి ప్రాకెను. 1993 లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997 లో ఆ నిషేధము సడలిపోయినది నిజమే. అయినను మిల్స్ గ్రంథమును చదువని ఆ స్త్రీలు ఆయన చెప్పిన పనిని చేసి చూపిరి: ఇంటి కష్టమును లోకపు ప్రశ్నగా మార్చి, అడుగవలసినవారిని అడిగిరి.

సోదరీమణులారా, ఉద్యమములు దినదినము రావు. పరామర్శలు మాత్రము వచ్చుచునే యుండును. ఇకమీదట అట్టి యింటికి పోయినపుడు, "ఏమి చేసికొన్నాడమ్మా" అను మాటను, "ఏ వేళ వచ్చినదో" అను మాటను నాలుకమీదనే ఆపుదము. ఆ యిల్లాలి ప్రక్కన కూర్చుండి మూడు సంగతులు మెల్లగా తెలిసికొందము: పొలము పట్టా ఎవరి పేర నున్నది, అప్పులకు కాగితములు ఎక్కడ నున్నవి, పిల్లలు బడికి పోవుచున్నారా. కూతురికిని ఉమ్మడి యాస్తిలో సమానభాగమని మన రాష్ట్రము 1986 నాటి సవరణతో ఒప్పుకొనినదనియు, దేశమంతటికి 2005 లో అట్టి చట్టము వచ్చినదనియు ఆమెకు తెలియకపోవచ్చును, చెప్పుదము. దరఖాస్తు గడువేదో, ఏ కచేరిలో నీయవలెనో కనుగొందము. అక్షరము వచ్చిన మనము అర్ధగంట కూర్చుండి ఆమె కాగితములను చదివి పెట్టుదము.